తుమ్మలబండ సంతలో సమతౌల్యం

దస్తగిరి తువ్వాలు కింద మద్దిలేటి వేళ్ళు చిక్కుకుని ఉన్న సమయంలోనే తుమ్మలబండ పశువుల సంతలోకి ఆర్థికశాస్త్రం ప్రవేశించింది. జీపులో వచ్చింది. వెనక ఇంకో వ్యానులో దాని తాలూకు కుర్చీలు, కంప్యూటర్లు, చీటీల పెట్టెలు, నేలదాకా జీరాడే ఒక పెద్ద ఆకుపచ్చ బల్లగుడ్డ వచ్చాయి.

ఆ సంతలో ఎద్దు ధర నోటితో చెప్పడం మర్యాద కాదు. దళారి మధ్యలో నిలబడి భుజమ్మీది తువ్వాలు తీసి చేతిమీద కప్పుకుంటాడు. కాసేపు అమ్మేవాడి వేళ్ళు పట్టుకుంటాడు, కాసేపు కొనేవాడి వేళ్ళు. ఒక్కో వేలికి ఒక్కో వెయ్యి. నడి కణుపు నొక్కితే ఐదువందలు. చుట్టూ వందమంది నోరు తెరుచుకు చూస్తున్నా సరే, లోపల ఏం జరిగిందో ఆ ముగ్గురికే తెలుస్తుంది. నలభై ఏళ్ళుగా దస్తగిరికి ఇదే పని. అరచేతి చెమటను బట్టి మనిషి ఎంతవరకు దిగుతాడో చెప్పగలడని పేరు.

మద్దిలేటికి ఎద్దు కావాలి. ఎప్పుడో అప్పుడు కాదు, ఈ గురువారమే కావాలి. అతని దాపటెద్దు, అంటే కాడికి ఎడమ పక్క నడిచేది, పదిరోజుల కింద పాము కరిచి చచ్చిపోయింది. మొన్న మంగళవారమేమో కరువుతీరా వాన పడింది. వాళ్ళది ఎర్రనేల. దానిలో తడి పదును ఐదారు రోజులు నిలిస్తే గొప్ప. ఆలోగా గొర్రు తోలి శెనక్కాయ విత్తేసుకోవాలి, లేదంటే ఆ ఏడాదికి చేను బీడే. ఐదెకరాలూ గుట్ట వాలున ఉన్నాయి. ఒకసారి ట్రాక్టరు ఎక్కింది గానీ పక్కకు దొర్లింది. దాని డ్రైవరు ఇప్పుడు ఆ వైపు నడిచి రమ్మన్నా రాడు. విత్తనాలు ఒలిచి పెట్టుకున్నాడు. ఇంటిదగ్గర రెండో ఎద్దు కాడి పక్కన ఒంటరిగా నిలబడి ఉంది. ఊళ్ళో ఎవరి ఎద్దులు వాళ్ళ చేలల్లోనే ఊపిరాడకుండా తిరుగుతున్నాయి.

అమ్మేది ఈరమ్మ. అరవై దాటిన మనిషి. పొలం కౌలుకిచ్చేసింది, బసప్ప అనే తెల్లెద్దు మిగిలిపోయింది. ఆరు పళ్ళది, సుడుల్లో వంక లేదు, కొమ్ము విసిరే గుణం లేదు. మద్దిలేటి నలభై ఏడు వేలన్నాడు, ఈరమ్మ నలభై ఎనిమిదంది. మధ్యలో ఉన్నది ఒక్క వేలు. దస్తగిరి ఆ వేలి నడి కణుపు మీద బొటనవేలు పెట్టాడు. నొక్కి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

"సంతలోని సమస్త క్రయవిక్రయదారులకు విజ్ఞప్తి!" అని మైకు అరిచింది. "ఈ క్షణం నుంచి ఎవరి చేతులను వారు తమ తమ వద్దనే ఉంచుకొనవలసినదిగా కోరడమైనది!"

అరిచింది డాక్టర్ పరంజ్యోతి గారు, సమతౌల్య సాధన ప్రత్యేకాధికారి. సన్నటి మనిషి, మెత్తటి మనసు. ధర అన్న మాట పలికేటప్పుడు ఆయన కళ్ళు చెమ్మగిల్లేవి. చేతిలో ఒక పటం ఉంది. దాని మీద ఒక గీత కిందికి దిగుతుంది, ఒక గీత పైకి ఎక్కుతుంది, రెండూ ఒకచోట కలుసుకుంటాయి. ఆ కలుసుకునే చోటును వెదకడానికే తాను పుట్టానని ఆయన నమ్మకం.

"సోదర పశుపాలకులారా! ఒకే వయసు, ఒకే జాతి ఎద్దు పోయిన గురువారం ఈ సంతలో పదకొండు వేర్వేరు ధరలకు అమ్ముడైనట్లు మా సర్వేలో వెల్లడైనది. తువ్వాళ్ళ కింద జరుగుతున్న ఈ అరాచకాన్ని ప్రభుత్వం ఉపేక్షించజాలదు. ఇకపై సమతౌల్య ధర కనుగొనబడిన పిమ్మట మాత్రమే లావాదేవీలు అనుమతించబడును."

ఆయన వివరించిన సిద్ధాంతం సులువైనదే. ఒక మనిషి ఒక ధర కేకేస్తాడు. ఆ ధరకు ఎన్ని కొంటారో, ఎన్ని అమ్ముతారో అందరూ చీటీల మీద రాసిస్తారు. కొనేవాళ్ళు ఎక్కువైతే ధర పెంచి కేకేస్తాడు. అమ్మేవాళ్ళు ఎక్కువైతే తగ్గించి కేకేస్తాడు. రెండూ సరిసమానమయ్యేదాకా కేకలే. సమానమయ్యాక అందరూ ఒకేసారి, ఒకే ధరకు కొనుక్కోవచ్చు. ఆలోపల ఎవరు ఏది కొన్నా అది మిథ్యా లావాదేవీ, దానికి జరిమానా ఉంది.

గ్రంథాల్లో ఈ కేకలేసే మనిషి ఊహామాత్రుడు. ప్రభుత్వం ఆ ఊహకు ఒక పోస్టు, జీతపు స్కేలు, ఏడాదికి రెండు జతల యూనిఫారం మంజూరు చేసింది. ఊహామాత్రుడికి ఉండవలసిన విద్యార్హతల మీద ఫైలు ఇంకా నలుగుతున్నందున తాత్కాలికంగా ఎవరినైనా తీసుకోవలసి వచ్చింది. పరంజ్యోతి గారు సంతంతా కలయజూసి అందరికంటే పెద్ద గొంతున్న మనిషిని ఎంచుకున్నారు. ఆ గొంతు దస్తగిరిది. అది ఆ సమయంలో, సిబ్బంది లాక్కున్న తన తువ్వాలు తనకు ఇచ్చెయ్యమని అరుస్తోంది.

మొత్తం నూట పధ్నాలుగు తువ్వాళ్ళు జప్తయ్యాయి. మిగతా దళారులను చీటీల పెట్టెల దగ్గర కూర్చోబెట్టారు. వాళ్ళను ఖాళీగా వదిలితే చేతులు ఊరుకోవని పరంజ్యోతి గారి అనుమానం.

"ఈ పద్ధతికి శాస్త్రంలో ఏం పేరుంది సార్?" అని దస్తగిరి ఖాకీ కోటు తొడుక్కుంటూ అడిగాడు.

"తడుముకుంటూ ముందుకు పోవడం అంటారయ్యా."

"మేం గూడా తడుముకుంటానే ఉంటిమి గదా సార్, తువ్వాలు కింద!"

"అది అశాస్త్రీయమైన తడుములాట," అన్నారు పరంజ్యోతి గారు.

ఆకుపచ్చ గుడ్డ పరిచిన పొడవాటి బల్ల వెనక మొదటి కేక పడింది. "ఎద్దు అరవై వేలూ!" కొనేవాళ్ళు ముప్ఫై ఒక్కరు, అమ్మేవాళ్ళు రెండువందల పదిమంది. రెండో కేక ముప్ఫై వేలు. కొనేవాళ్ళు నూట తొంభై. అమ్ముతానన్నది ఇద్దరే. వాళ్ళలో ఒకరి ఎద్దు కుంటిది. చీటీలు మడవడం, విప్పడం, మూడు ప్రతులు రాయడం, కంప్యూటరుకు ఎక్కించడం, ఒక్కో కేకకు గంటన్నర పట్టింది. మధ్యాహ్నానికి నాలుగు కేకలయ్యాయి. కొందరు విసుగెత్తి పశువులను తోలుకుని ఇంటికి బయల్దేరారు. వెంటనే గేటు మూసేశారు.

"మీరు నిష్క్రమిస్తే సరఫరా మారిపోతుంది," అని పరంజ్యోతి గారు నచ్చజెప్పారు. "సరఫరా మారితే లెక్క మొదటికొస్తుంది. మీ సహనమే మా దత్తాంశం."

మధ్యాహ్నం ఉగ్గాని దగ్గర అసలు గొడవ మొదలైంది. నాగలక్షమ్మ గేటు పక్కన వేడివేడిగా బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టుకుని అమ్ముతుంది. మద్దిలేటి ప్లేటు అందుకోబోతుంటే ఒక గుమాస్తా పరుగున వచ్చి మధ్యలో చెయ్యి అడ్డం పెట్టాడు. ఎద్దు ధర మేత మీద, మేత ధర కూలీ మీద, కూలీ తిండి మీద ఆధారపడి ఉన్నాయని, కనుక ఉగ్గానిని కూడా సర్వ సమతౌల్యంలో చేర్చామని, అన్నింటి ధరలూ ఒకేసారి తేలాలని చెప్పాడు.

"ఎద్దు రేటు తేలేదాకా నా బజ్జీ అమ్మగూడదా?" అంది నాగలక్షమ్మ.

"కూడదు."

"అయితే ఊరికే పెడతా. ఆకలితో ఉండాడు పాపం. తిననీ."

గుమాస్తాకు సందేహం వచ్చింది. పరంజ్యోతి గారినే పిలుచుకొచ్చాడు. ఆయన కళ్ళు మూసుకుని ఒక నిమిషం ఆలోచించారు.

"సున్నా కూడా ఒక ధరేనమ్మా," అన్నారు బాధగా. "ఆ ధరను దస్తగిరి ఇంకా కేకవేయలేదు."

ఆయన మాత్రం గుడారంలోకి వెళ్ళి పట్నం నుంచి వచ్చిన నాలుగు గిన్నెల క్యారేజీ విప్పుకున్నారు. అది బాహ్యాంశమట, లెక్కలోకి రాదట. ఆకలితో ఉన్న మద్దిలేటికి ఆ మాట అర్థం కాలేదు గానీ సాంబారు వాసన మాత్రం బాగానే అర్థమైంది. సాయంత్రానికి ఎవరి ఇంటివాళ్ళు వాళ్ళు గోడమీదుగా సద్దిమూటలు, పశువులకు ఇంత చొప్ప అందించడం మొదలుపెట్టారు. అత్తగారు అల్లుడికి అన్నం పెట్టడం లావాదేవీ అవునా కాదా అని పై కార్యాలయానికి లేఖ రాశారు. జవాబు రాలేదు కాబట్టి ఆ అన్నం చెల్లిపోయింది.

శుక్రవారం పొద్దున మద్దిలేటి నేలమీద కూర్చుని గోటితో మట్టి గీరి చూశాడు. పైన పొడిపొడిగా రాలింది. లేచి తిన్నగా బల్ల దగ్గరికి పోయాడు.

"సార్, దండం. మా నేలలో పదును ఆరిపోతాంది సార్. ఈ పెద్దమ్మ ఎద్దు ఇస్తానంటాది, నేను తీసుకుంటానంటాండా. మా ఇద్దరికీ కుదిరిపాయె. మమ్మల్ని ఇడ్సిపెట్టండి, మీ పుణ్యముంటాది. మిగతా సంతను మీరు ఎన్ని దినాలైనా తడుముకోండి."

పరంజ్యోతి గారికి ఆ మాటలు ముచ్చటగా తోచాయి. మద్దిలేటి భుజం మీద చెయ్యి వేశారు. "బాబూ, నీ ఆందోళన నాకు తెలుసు. కానీ నువ్వొక చిన్న పొరపాటు చేస్తున్నావు. సిద్ధాంతంలో కాలం ఉండదు. సమతౌల్యం దొరికేవరకు గడియారం నిలిచిపోయి ఉన్నట్లు భావించాలి."

"గడియారం నిలిస్తే ఎండ నిలుస్తాదా సార్?"

పరంజ్యోతి గారు ఇది న్యాయమైన ఆక్షేపణే అనుకున్నారు. వెంటనే చర్య తీసుకున్నారు. మార్కెట్ కార్యాలయం గోడగడియారంలోంచి బ్యాటరీ తీయించి సొరుగులో పెట్టించారు. హాజరుపట్టీలో శుక్రవారం కొట్టేసి 'గురువారం (కొనసాగింపు)' అని రాయించారు. తెల్లవారి శనివారం అయ్యేసరికి అది 'గురువారం (కొనసాగింపు–2)' అయింది. ఎండ మాత్రం ఉత్తర్వు అందనట్టే కాసింది.

రాత్రీ పగలూ కేకలేసి దస్తగిరి గొంతు బొంగురుపోయింది. మద్దిలేటి అతని ముఖం చూడడం మానేశాడు. శనివారం పొద్దున నీళ్ళ తొట్టి దగ్గర ఎదురుపడక తప్పలేదు.

"నువ్వు గూడా ఆ పక్కకి పోయి కోటేసుకుంటివే మామా."

"ఏం జేయమంటావు అల్లుడా. కోటెయ్యకుంటే తువ్వాలు ఇయ్యనన్న్యాడు." దస్తగిరి తన ఖాళీ చేతులు చూసుకున్నాడు. "కోటేసుకున్యా. తువ్వాలూ ఇయ్యల్యా."

ఈరమ్మ బసప్ప గంగడోలు నిమురుతూ పక్కనే నిలబడి ఉంది. "నా బసప్పను ఒకే కాడ కట్టేసి మూడు దినాలాయ. కాళ్ళు పట్టుకుపోతాండాయి దీనికి," అంది. "ఒక్క వేలు కాడ నిలిచిపాయ గదరా దస్తగిరీ, మన బేరం."

శనివారం మధ్యాహ్నం ముప్ఫై ఒకటో కేక. ఎద్దు నలభై ఏడువేల రెండువందలు, ఎనుము, అంటే పాడిగేదె, అరవై ఎనిమిది వేలు, మోపు చొప్ప నూటపది, ఉగ్గాని ముప్ఫై ఐదు, టీ ఎనిమిది. కంప్యూటరు ముందు కూర్చున్న గుమాస్తా లేచి నిలబడ్డాడు. ఎద్దులు కొనేవాళ్ళు నూట ఆరు, అమ్మేవాళ్ళు నూట ఆరు. చొప్ప సమానం. టీ సమానం. ఉగ్గాని సమానం. ఎనుములు కొనేవాళ్ళు నలభై, అమ్మకానికి నలభై.

పరంజ్యోతి గారు పటం గుండెలకు హత్తుకున్నారు. మైకు అందుకున్నారు. మద్దిలేటి అప్పటికే బసప్ప పలుపు చేతికి చుట్టుకున్నాడు.

"తుమ్మలబండ చరిత్రలో," అని ఆయన మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే సంత మూల వేపచెట్టు కింద హుసేనప్ప చూడి ఎనుము ఒక్కసారి గట్టిగా మూలిగి ఈనింది. నల్లటి పెయ్యదూడ, లక్షణంగా ఉంది. లేచి నిలబడ్డానికి రెండుసార్లు తడబడి, మూడోసారి నిలబడింది.

గుమాస్తా మెల్లగా కూర్చున్నాడు. "నలభై ఒకటి సార్," అన్నాడు.

"అది దూడ గదా సార్! దాన్ని లెక్కేసేదేంది?" అని హుసేనప్ప మొత్తుకున్నాడు.

"సరఫరాలో అనూహ్య వృద్ధి," అన్నారు పరంజ్యోతి గారు, చెమట తుడుచుకుంటూ. "దూడ వస్తే పాలు వస్తాయి. పాలు వస్తే టీ మారుతుంది. టీ మారితే అన్నీ మారతాయి. మిత్రులారా, మళ్ళీ మొదటి కేక నుంచి ప్రారంభిద్దాం."

ఎవరూ అరవలేదు. రాయి విసరలేదు. మద్దిలేటి ఒక్కడు పలుపు వదిలేసి నేలమీద చతికిలబడ్డాడు. వెళ్ళి ఆ పటం చింపెయ్యాలనిపించింది. కానీ ఒంట్లో సత్తువ లేదు.

దస్తగిరి బల్ల వెనక కూర్చుని అతనికేసి చాలాసేపు చూశాడు. తర్వాత ఆకుపచ్చ బల్లగుడ్డకేసి చూశాడు. బల్ల పొడవునా ఉంది, నేలదాకా ఉంది, మందంగా ఉంది. ముందు వంగి దాని అంచు వేళ్ళతో నలిపి చూశాడు. తన తువ్వాలు కన్నా మేలురకం.

"సార్, మైకు పట్టుకుని పట్టుకుని చెయ్యి లాగుతాంది. దీన్ని ఒక కర్రకు కట్టించండి," అన్నాడు. కట్టించారు. "జనం బో అలిసినారు సార్. కొనేటోళ్ళ పెట్టె నాకీపక్క, అమ్మేటోళ్ళ పెట్టె ఆపక్క పెడితే, ఇద్దరూ ఒక్కసారే వచ్చి వేస్తారు. బిన్నా, గంటలో అయిపోతాది." అలాగే పెట్టించారు. మిగతా దళారులు కూడా బల్ల వెంబడి తమ తమ పెట్టెల మధ్య సర్దుకుని కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"ఎద్దు అరవై వేలూ!" అని దస్తగిరి కర్రకున్న మైకులోకి అరిచాడు. రెండు చేతులూ బల్లగుడ్డ కిందికి పోయాయి.

ముందు మద్దిలేటి, ఈరమ్మ వచ్చారు. అతను చీటీ పట్టుకుని ఈపక్క పెట్టె మీదికి వంగాడు. ఆమె ఆపక్క వంగింది. గుడ్డ కింద ఎవరో తన వేళ్ళు పట్టుకున్నట్టు మద్దిలేటికి తెలిసింది. ఆ చెయ్యి అతనికి తెలిసిన చెయ్యే. నడి కణుపు మీద బొటనవేలు వచ్చి ఆగింది. ఈసారి నొక్కింది. మద్దిలేటి తిరిగి నొక్కాడు. అవతల ఈరమ్మ గట్టిగా ముక్కు చీదింది. ఆ సంతలో అమ్మేవాళ్ళు సరేననడానికి అది గుర్తు.

మద్దిలేటి చీటీ మీద 'కొనదలచిన ఎద్దుల సంఖ్య' అని ఉంది. నిజాయితీగా సున్నా రాశాడు. అతనికి ఇంకో ఎద్దు అక్కర్లేదు. ఈరమ్మకు రాయడం రాదు, గుమాస్తా చేతనే సున్నా రాయించుకుంది. అమ్మడానికి ఆమె దగ్గర ఇంకో ఎద్దు లేదు.

వెనకాల వరస కదిలింది. మూడు రోజులుగా చీటీలంటే ముఖం చిట్లించిన జనం ఇప్పుడు ఇద్దరిద్దరుగా వచ్చి, బల్లకు ఆనుకుని, ఆకాశంలోకి చూస్తూ, పెదవులు కొరుక్కుంటూ చీటీలు వేస్తుంటే పరంజ్యోతి గారి గుండె ఉప్పొంగింది. "ప్రజల్లో శాస్త్రీయ దృక్పథం పెరిగింది," అని నోటుపుస్తకంలో రాసుకున్నారు. బల్ల మాత్రం అప్పుడప్పుడు కొంచెం కదిలేది. హుసేనప్ప తన ఎనుమును, దాంతోపాటు దూడను ఆ బల్ల మూల దగ్గరే వదిలించుకున్నాడు. చొప్ప, టీ కూడా అలాగే కుదిరాయి. ఉగ్గాని గేటు బయట తింటామని అందరూ నాగలక్షమ్మకు గుడ్డ కింద మాటిచ్చారు.

గంటలో పని ముగిసింది. గుమాస్తా లెక్క కూడి, నమ్మకం చాలక మళ్ళీ కూడాడు.

"సార్. ఎద్దులు కొనేవాళ్ళు సున్నా. అమ్మేవాళ్ళు సున్నా. ఎనుములు సున్నా, సున్నా. చొప్ప సున్నా, సున్నా. టీ, ఉగ్గాని... అన్నీ సమానం సార్."

పరంజ్యోతి గారు ఆ కాగితం రెండు చేతులా పట్టుకున్నారు. రెండు గీతలూ కలుసుకున్నాయి. సిద్ధాంతంలో ఎక్కడా, కలుసుకునే చోట ఎవరైనా ఉండి తీరాలని లేదు. "మొదటి కేకకే!" అన్నారు గద్గదంగా. "అరవై వేలు! సమతౌల్య ధర అరవై వేలు!" అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది దస్తగిరి. గేటు తెరిచారు. సొరుగులోని బ్యాటరీ మళ్ళీ గడియారంలో పడింది. జనం ఎవరికి కుదిరినవి వాళ్ళు తోలుకుని, అరవై వేల ఎద్దును ఒక్కదాన్నైనా వెంట తీసుకుపోకుండా ఇళ్ళకు పోయారు. దస్తగిరి కోటు విప్పి కుర్చీకి తగిలించి తన తువ్వాలు కోసం మూడు ఫారాలు పూర్తిచేశాడు.

ఆ ప్రయోగం మీద నివేదిక నున్నటి కాగితం మీద అచ్చయింది. సమతౌల్యం సాధించబడినది. మిథ్యా లావాదేవీలు: లేవు. పట్టిన కాలం: ఒక్క గురువారం. సర్దుబాటు వ్యయం: శూన్యం.

ఆదివారం తెల్లారగానే మద్దిలేటి బసప్పను కాడికి దాపట కట్టాడు. కొత్త ఎద్దు అయినా మంచిది, సాలు తప్పలేదు. ఆరోజూ సోమవారం పొద్దుగూకేదాకా ఇంటిల్లిపాదీ గొర్రు వెంట పరుగెత్తారు. నాలుగెకరాలు విత్తారు. మంగళవారం ఐదో ఎకరంలో గొర్రు దించితే దుమ్ము లేచింది. మద్దిలేటి పిడికెడు మట్టి తీసి నొక్కి చూశాడు. ముద్ద కట్టలేదు, వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. విత్తనాల సంచీ మూతి కట్టేశాడు.

రెండు నెలల తర్వాత పరంజ్యోతి గారి జీపు ఆ దారినే పోతూ ఆగింది. మల్లెపూల మార్కెట్లో సమతౌల్యం సాధించడానికి వెళ్తున్నారు. నాలుగెకరాల్లో శెనక్కాయ చెట్టు పచ్చగా, పసుపుపచ్చ పూలతో ఉంది. పక్కన ఒక ఎకరం ఎర్రగా, ఖాళీగా పడి ఉంది. మద్దిలేటి బసప్పను మేపుకుంటూ గట్టుమీద నిలబడి ఉన్నాడు.

"బాగుందయ్యా పంట!" అన్నారు పరంజ్యోతి గారు మనస్ఫూర్తిగా. "మరి ఆ చివర ఎకరం ఎందుకు ఖాళీగా వదిలేశావు?"

"వదల్లేదు సార్," అన్నాడు మద్దిలేటి. "ఆడ ఇంగా గురువారమే."